వెలకు హద్దు, గాదెలో గింజ



మన పాఠశాలలో ఒకే బల్లమీద రైతు బిడ్డయు, కూలివాని బిడ్డయు, చిల్లర వర్తకుని బిడ్డయు ప్రక్కప్రక్కన కూర్చుండి చదువుకొనుచున్నారు. ధాన్యపు వెల హెచ్చినదని సంతనుండి వార్త వచ్చిన దినమున మొదటి బాలుని యింట కొంత సంతోషమును, రెండవ బాలుని యింట కొంత దిగులును కలుగును. వెల పడిపోయినచో ఆ సంతోషమును ఆ దిగులును ఇండ్లు మార్చుకొనును. కావున "ప్రభుత్వమువారు వెల తగ్గింపుడని యొక ఉత్తరువు చేసిన జాలదా?" యని యొక బాలుడును, "మాకు గిట్టుబాటగునట్లు వెల పెంపుడని ఉత్తరువు చేయరాదా?" యని మఱియొక బాలుడును అడుగుట సహజమే. రెండు ప్రశ్నలును న్యాయమైనవే. వీనికి ప్రత్యుత్తరము మన తాతముత్తాతల కాలపు చరిత్రలో, చాలవఱకు మన తూర్పు తీరమునందే దొరకును. దానిని ఈ వ్యాసమున సంగ్రహముగా వివరించెదను. పెద్దలును దీనిని చదివి తమ బిడ్డలతో ముచ్చటింతురు గాక.

1. వెల మనకు ఏమి తెలుపును?

వెల నాడి వంటిది. వైద్యుడు నాడిని చూచి జ్వరమున్నదని తెలిసికొనును. నాడిని వ్రేలితో అదిమి పట్టినంత మాత్రమున జ్వరము తగ్గదు. అట్లే సరకు తక్కువై, కోరువారు ఎక్కువైనప్పుడు వెల పెరుగును. సరకు మిక్కుటమైనప్పుడు తగ్గును.

లెక్క సులువుగా నుండుటకై ఒక సంతను ఊహింపుడు. వానలు బాగుగా కురిసిన యేట ఆ సంతకు 100 బస్తాల బియ్యము వచ్చును. బస్తా 1,000 రూపాయల వంతున అన్నియు అమ్ముడుపోవును. మఱుసటి యేట వానలు తప్పినవి. వర్తకులకు 70 బస్తాలే దొరకినవి. వెల 1,500 రూపాయలాయెను. డబ్బు గలవారు కొనిరి. కూలివారు రిక్త హస్తములతో తిరిగి వచ్చిరి. అప్పుడు అధికారి వచ్చి, "బస్తా 1,000 రూపాయలకు మించి అమ్మినవారు శిక్షార్హులు" అని దండోరా వేయించెను. తరువాతి సంతకు ఏమి జరుగును? ఆ వెలకు 100 బస్తాలు కొనువారున్నారు. వర్తకుడో 40 బస్తాలు మాత్రమే ముంగిట పెట్టి, తక్కిన 30 బస్తాలను కొట్టునందు దాచును, లేదా చీకటిలో బండి కట్టించి హద్దు దాటించును. తెల్లవారుజామున వచ్చి వరుసలో నిలుచున్నవానికి బియ్యము దొరకును. పనికిపోయి ప్రొద్దు క్రుంకినవేళ వచ్చిన కూలివానికి దొరకదు. దొడ్డిదారిని బస్తా 2,000 రూపాయలు పలుకును. బియ్యములో నూకయు రాళ్లును కలియును. వెల పలకమీద తగ్గినది గాని, పేదవాని కుండలోనికి గింజ రాలేదు.

ఇప్పుడు మూడవ విధమును చూడుడు. అధికారి దండోరాతో ఊరకుండక, పంటలు పండిన పొరుగు జిల్లానుండి 30 బస్తాలు తెప్పించి అంగడిలో పెట్టించెను. అప్పుడు 70 బస్తాలు, 30 బస్తాలు కలిసి 100 బస్తాలాయెను. దాచినవాడు ఇక దాచిన నష్టమేనని తలుపులు తెఱచును. వెల తనంతట తానే 1,000 రూపాయలకు దిగివచ్చును. ఒకవేళ ఎచ్చటను అధికముగా లేకపోయినచో, ఉన్న 70 బస్తాలనే కార్డులు వ్రాసి, పదిపాళ్లు కోరినవానికి ఏడుపాళ్ల చొప్పున అందఱికిని పంచవలెను. వెలకు హద్దు నిలుచుటకు ఈ రెంటిలో నేదో యొకటి వెనుక నుండవలెను. 2023వ సంవత్సరమున టమాటాల వెల మండిపోయినప్పుడు మన రాష్ట్ర ప్రభుత్వము ఆ సరకును తాను కొని, రైతు బజారులలో కిలో 50 రూపాయలకు అమ్మించిన సంగతి మీలో పలువురకు జ్ఞాపకముండును. అది ఈ మూడవ విధమునకు చిన్న దృష్టాంతము.

2. ఏమియు చేయకుండుట: 1866

వెలల జోలికి ప్రభుత్వము పోనేరాదని వాదించువారు కలరు. వారి మాటను 1866వ సంవత్సరపు కఱవు పరీక్షించినది. 1865లో వానలు ముందుగానే వెనుదీసినవి. అప్పుడు ఒడిస్సా ప్రాంతము వంగరాష్ట్ర ప్రభుత్వము క్రింద నుండెను. వెల పెరిగినచో వర్తకులే బియ్యము తెచ్చెదరనియు, సర్కారు కలుగజేసికొనుట తగదనియు నాటి అధికారులు నమ్మిరి. వెల పెరిగెను, కాని బియ్యము రాలేదు. మంచి బాటలు లేవు, రైలు లేదు. వర్షకాలము రాగానే ఓడలు తీరమున సరకు దింపుటయు దుర్ఘటమాయెను. మేలుకొని తెప్పించునప్పటికి కాలము మించెను. సుమారు పదిలక్షల మంది, అనగా ఆ కఱవుసీమ ప్రజలలో మువ్వురికొకరు, మరణించిరని అంచనా. శ్రీకాకుళము ఆ కాలమున చెన్నరాజధానిలోని గంజాము జిల్లాకు చెందినది, 1936వఱకును అట్లే యుండెను. ఆ గంజాము జిల్లాకును ఈ కఱవు సెగ తగిలెను.

వెల కేక వేసి గింజను పిలుచును, నిజమే. కాని ఆ కేక విని వచ్చుటకు గింజకు బాట కావలెను. వచ్చిన గింజయు డబ్బు గలవాని యింటికే పోవును. పంట పోయి, కూలిపని పోయి, చేత కాసు లేనివాడు ఎంత ఆకలిగొన్నను వాని ఆకలిని సంత ఎఱుగదు.

3. కాగితముమీది హద్దు: వంగరాష్ట్రము, 1942–43

రెండవ తప్పు దీనికి సరిగా ఎదురైనది. రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1942 మార్చి 8వ తేదీన, జపాను సేనలు రంగూను పట్టణమును పట్టుకొనెను. మన ప్రాంతమువారు ఆ యూరిని రంగము అనెడివారు. మన తీర గ్రామములనుండి వేలాది కూలీలు ఓడలెక్కి రంగము పోయి, మిల్లులలోను రేవులలోను పనిచేసి, ఇండ్లకు డబ్బు పంపుచుండిరి. యుద్ధము వచ్చినప్పుడు అనేకులు అడవులు కొండలు దాటి కాలినడకను తిరిగి రావలసినవారైరి. వారి కూలియు పోయెను. ఏటేట బర్మానుండి మన దేశమునకు వచ్చుచుండిన పది లక్షల టన్నులకు పైబడిన బియ్యమును నిలిచిపోయెను. అదే యేట ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్టణము మీదను కాకినాడ మీదను బాంబులు పడెను.

బియ్యపు వెల పెరుగజొచ్చినందున 1942 జూలైలో వంగరాష్ట్ర ప్రభుత్వము వెలకు గరిష్ఠ పరిమితి నిర్ణయించెను. కాని ఆ వెలకు అమ్ముటకు ప్రభుత్వము చేత చాలినంత ధాన్యము లేదు, ఊరూర పంచు ఏర్పాటు లేదు. బియ్యము అంగళ్లనుండి మాయమాయెను. అక్టోబరులో మేదినీపురపు తుపాను పంటను పాడుచేసెను. శత్రువుల చేతికి చిక్కకుండుటకై తీరమందలి పడవలను సర్కారువారు ముందే పట్టుకొనియుండిరి. యుద్ధపు ఖర్చుచే నోట్లు విస్తరించెను. పొరుగు రాష్ట్రములు ధాన్యమును హద్దు దాటనీయకుండెను. తుదకు 1943 మార్చిలో ప్రభుత్వము తన పరిమితిని తానే ఎత్తివేసెను. కలకత్తాలో బంగాళా మణుగు, అనగా సుమారు 37 కిలోల బియ్యము, 1942 డిసెంబరులో 13, 14 రూపాయలుండగా 1943 మే నెలలో 30 రూపాయలు దాటి, ఆగస్టునకు 37 రూపాయలాయెను. ప్రభుత్వమువారు నియమించిన విచారణ సంఘము 1945లో మృతుల సంఖ్యను సుమారు 15 లక్షలని చెప్పెను. తరువాతి పండితులలో కొందఱు 30 లక్షల వఱకు లెక్కించిరి. మృతులలో పెక్కురు పల్లెకూలీలు, జాలరులు, చిన్నవృత్తులవారు. 1981లో అమర్త్య సేన్ గారు తమ గ్రంథమున చూపినట్లు, దేశమున గింజ బొత్తిగా లేకపోవుట కంటె, ఉన్న గింజను కొనగల శక్తి వారికి లేకపోవుటయే ఈ ఘోరమునకు ముఖ్యకారణము.

ఇట్టిది పూర్వమును జరిగినది. క్రీ. శ. 301లో రోము చక్రవర్తి డయోక్లీషియను వేయికి పైబడిన సరకులకును కూలిరేట్లకును పరిమితులు చెక్కించి, మీఱినవారికి మరణశిక్ష విధించెను. సరకులు అంగళ్లనుండి తొలగిపోయెను, కొలది కాలమునకే శాసనము మూలబడెను. ఢిల్లీ సుల్తాను అల్లావుద్దీను ఖిల్జీ (1296–1316) కాలమునందో ధాన్యపు వెల వానలు తప్పిన సంవత్సరములలోను నిలిచెనని చరిత్రకారుడు బరనీ వ్రాసెను. గూఢచారులును కఠిన శిక్షలును అచ్చటను ఉండెను. కాని ఆ సుల్తాను యమునా గంగల నడిమి సీమనుండి శిస్తును ధాన్యరూపమున రాబట్టి, రాజధానిలో గాదెలు నింపి, కఱవు వచ్చినప్పుడు వానిని తెఱపించెను. శిక్షాభయము ఉభయులకును సమానము. గాదె యొకనికే యుండెను.

4. మన వైపు కంట్రోలు కాలము

వంగరాష్ట్రపు గతిని చూచి చెన్నరాష్ట్ర ప్రభుత్వము 1943 మొదలు వేఱు దారి త్రొక్కెను. రైతు కుటుంబపు తిండికిని విత్తనమునకును కావలసినంత విడిచి, మిగిలిన ధాన్యమును నిర్ణీతమైన వెలకు సర్కారే కొనెను. పట్టణములలో రేషను కార్డులు వ్రాసి తూకముగా పంచెను. ధాన్యము జిల్లా హద్దు దాటవలెనన్న అనుమతి పత్రము కావలసివచ్చెను. కిరసనాయిలుకును, గుడ్డకును, పంచదారకును ఇట్టి కట్టుబాట్లే వచ్చెను. "కంట్రోలు" అనుమాట అప్పుడే చదువురాని ముసలమ్మల నోటను తెలుగు మాటయైపోయెను. దానితోపాటు నల్లబజారు అను మాటయు పుట్టెను.

దీని ఫలము రెండు తెఱగులు. వంగదేశమునందువలె లక్షలాది జనులు వీథులలో పడి చచ్చుట ఈ జిల్లాలలో కలుగలేదు. ఇది గొప్ప మేలు. కాని ఈ మేలునకు వెల చెల్లించినవారును కలరు. రైతు తన కళ్లమునందే తన గింజకు యజమానుడు గాకపోయెను. బయట హెచ్చు వెల పలుకుచుండగా సర్కారు వెలకు కొలిచి యిచ్చుట అతనికి కష్టముగా తోచెను. మిగులు గల గోదావరి, కృష్ణా జిల్లాలలో వెల అణగియుండగా, లోటు గల మలబారు వంటి జిల్లాలు ఎదురు చూచుచుండెను. నడుమ అనుమతి పత్రము వ్రాయు చేయి బలిసెను. ముక్కిన బియ్యము తీసికొని మాఱుపలుకక ఇంటికిపోయినవారు ఎందఱో.

గాదె పట్టినవాని చేతికి బలము వచ్చునని మనకు వేదగ్రంథమును తెలుపుచున్నది. ఐగుప్తులో యోసేపు సమృద్ధి గల యేడేండ్లలో పంటలో అయిదవ వంతు నిలువచేయించి, కఱవు ఏడేండ్లలో ప్రజల ప్రాణములు కాపాడెను. ఈ భాగమును మనము తఱచుగా బోధింతుము. కాని ఆదికాండమును ముందునకు చదివినచో, ఆ గింజకై ప్రజలు మొదట తమ ధనమును, తరువాత తమ పశువులను, తుదకు తమ భూములను ఫరోకు ఇచ్చివేసినట్లు కనబడును. గాదె ప్రాణము నిలుపును. దానికి లెక్క అడుగువారు లేనిచో స్వాతంత్ర్యమును మ్రింగను గలదు.

5. హద్దు తీసివేసిన రెండు పర్యాయములు

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట, కంట్రోళ్లు జనులను అబద్ధికులనుగా చేయుచున్నవని మహాత్మా గాంధిగారు గట్టిగా వాదించిరి. 1947 డిసెంబరునుండి ఆహారధాన్యములపై కట్టుబాట్లు క్రమముగా సడలింపబడెను. గాదెలు తక్కువగా నున్నందున వెలలు ఎగసెను. 1948 శరత్కాలమునకే కంట్రోళ్లు మరల వచ్చెను.

రెండవ పర్యాయము 1952 జూనులో రాజగోపాలాచారిగారు చెన్నరాష్ట్ర ముఖ్యమంత్రిగా నుండగా రేషనును ధాన్యపు కంట్రోలును ఎత్తివేసిరి. అప్పటికి మన తెలుగు జిల్లాలు ఆ రాష్ట్రములోనివే. శ్రీకాకుళము 1950 ఆగస్టు 15న విశాఖపట్టణపు జిల్లానుండి వేఱుపడి క్రొత్త జిల్లాగా నుండెను. అనేకులు భయపడిరి. కాని ఈసారి సర్కారు కొట్లలో నిలువయుండెను. దాచినవారు సరకును బయటికి తీసిరి. పిదప వానలును అనుకూలించెను. భయపడిన యుపద్రవము రాలేదు. కేంద్రమునందు రఫీ అహమ్మదు కిద్వాయిగారు ఆ దారినే సాగగా, 1954 నాటికి దేశమంతటను బియ్యపు కంట్రోలు తొలగిపోయెను.

ఒకే యౌషధము ఒకసారి వికటించి, మఱొకసారి పనిచేసినది. భేదము ముఖ్యముగా కొట్టులోని గింజలోను, పొలములోని పంటలోను ఉన్నది.

6. క్రింది హద్దు

ఇంతవఱకు కొనువానికొఱకైన పై హద్దును చూచితిమి. రైతుకొఱకు క్రింది హద్దును గలదు. 1965లో వ్యవసాయ ధరల సంఘమును, భారత ఆహార సంస్థయు ఏర్పడినవి. అప్పటినుండి "కనీస మద్దతు ధర" ప్రకటింపబడుచున్నది. 2025–26 పంటకాలమునకు సాధారణ రకపు ధాన్యమునకు క్వింటాలు 2,369 రూపాయలు. 80 కిలోల బస్తా చొప్పున లెక్క కట్టుడు: 1,895 రూపాయల 20 పైసలు వచ్చును.

ఈ సంఖ్య వార్తాపత్రికలో నున్నంత మాత్రమున వంశధార ఒడ్డునగాని నాగావళి ఒడ్డునగాని కళ్లములోని రైతు చేతికి అంత సొమ్ము వచ్చునా? ధాన్యమున తేమ నూటికి 17 పాళ్లకు మించరాదు. గోనెసంచులు సమయమునకు రావలెను. బండి దొరకవలెను. మబ్బు పట్టినప్పుడు కుప్పను కాపాడు చోటు కావలెను. అప్పు తీర్పవలసిన గడువు దగ్గఱ పడినప్పుడు చిన్న రైతు వారముకూడ ఆగలేడు, దొరకినంతకే దళారికి అమ్ముకొనును. కౌలు రైతుకు తన పేర పంట నమోదు కాకున్నచో ఆ ధర పొందుటయే కష్టము. పై హద్దు నిలుచుటకు ప్రభుత్వము అమ్మవలెను. క్రింది హద్దు నిలుచుటకు ప్రభుత్వము సకాలమున కొనవలెను. కొనువాడు రాని మద్దతు ధర, గింజ లేని గరిష్ఠ ధర, రెండును ఒక తల్లి బిడ్డలే.

పండించువానికి ఖర్చులును రాకున్నచో ఏమగునో 2011లో కోనసీమ చూపినది. ధర గిట్టుటలేదని అచ్చటి రైతులు ఆ సార్వాకు పంట విరామము ప్రకటించి, నీరున్న పొలములనే బీడు పెట్టిరి. గోదావరి కాలువ క్రిందనే అట్లు జరిగినప్పుడు, చెఱువును వాననీటిని నమ్ముకొన్న మన మెట్టసీమ మాట వేఱుగా చెప్పవలయునా?

7. మూడవ దారి, దాని ఖర్చు

రైతుకు హెచ్చు వెలయు, కూలివానికి తక్కువ వెలయు ఒక్కసారిగా కలిగింపవచ్చునా? నడుమ తేడాను మూడవవాడు చెల్లించినచో కలిగింపవచ్చును. 1983లో ముఖ్యమంత్రి నందమూరి తారక రామారావుగారు ప్రారంభించిన కిలో రెండు రూపాయల బియ్యపు పథకము ఇట్టిది. 2023 జనవరినుండి జాతీయ ఆహార భద్రతా చట్టము క్రింద కార్డుదారులకు మనిషికి నెలకు 5 కిలోల వంతున ఆ ధాన్యము ఉచితముగానే లభించుచున్నది. ఇది వర్తకుని వెలకు హద్దు పెట్టుట కాదు, తేడాను ఖజానానుండి భరించుట. ఖజానా అనగా మనమందఱము కట్టు పన్నులే. ఆ సొమ్ము బియ్యమునకు పోయినప్పుడు కాలువకో ఆస్పత్రికో అంత తగ్గును. ఐనను కఱవు చావులకంటె ఇది మేలనుటలో నాకు సందేహము లేదు. అయితే ఆ బియ్యమును కొన్ని రూపాయలకు దళారికి అమ్మివేయు ఇండ్లును, దానికి మెఱుగు పెట్టి మరల హెచ్చు వెలకు అమ్ము వర్తకులును ఉన్నంతకాలము, ఆ యేర్పాటు పలుచబడుచునే యుండును. ఆకలి తీర్చుటకు తెచ్చిన గింజను ఆదాయముగా మార్చుట వంగదేశపు దొడ్డిదారి బేరమునకు దూరపు చుట్టమే.

8. ముగింపు

విద్యార్థులారా, మీరు పెరిగి పెద్దవారై గ్రామసభలో కూర్చుండు దినము వచ్చును. కొందఱు రైతులగుదురు, కొందఱు వర్తకులగుదురు, కొందఱు ఉత్తరువులు వ్రాయు అధికారులే యగుదురు. ఎప్పుడు వెలకు హద్దు పెట్టుదమన్న మాట వినబడినను మూడు ప్రశ్నలు అడుగుడు: గింజ ఎవరి చేత నున్నది? అది కడపటి యింటివఱకు ఎట్లు చేరును? పండించువానికి మరునాడు విత్తుటకు మనసు మిగులునా? ఈ మూటికి సమాధానమున్నచో ఆ హద్దు పేదవానికి అండ యగును. లేనిచో అది పలకమీది వ్రాత మాత్రమే.

మన ప్రభువు నేర్పిన ప్రార్థనలో ఆహారమును "నాకు" అని అడుగక "మాకు" అని అడుగ నేర్పెను. ఆ మాటలో రైతు బిడ్డయు కూలివాని బిడ్డయు ఒకే బల్లమీద నున్నారు.

అభ్యాసము

1. పై సంతలో 70 బస్తాలను 100 కుటుంబములకు సమానముగా పంచినచో ఒక్కొక్క బస్తా 25 కిలోల వంతున ఒక్కొక్క కుటుంబమునకు ఎన్ని కిలోలు వచ్చును?

2. 1947లోను 1952లోను కంట్రోళ్లు తీసివేయగా వేఱువేఱు ఫలితములు ఎందుకు కలిగెను? నాలుగు వాక్యములలో వ్రాయుము.

3. మీ యింట ఈ యేడు ధాన్యము అమ్మియుండినచో ఏ వెలకు, ఎవరికి, ఎప్పుడు అమ్మిరో, కొనియుండినచో ఏ వెలకు కొనిరో పెద్దల నడిగి వ్రాసికొని రమ్ము. ప్రక్కనున్న విద్యార్థి లెక్కతో సరిపోల్చి, రెండు వెలల నడిమి తేడా ఎచ్చటికి పోయెనో ఇరువురును కలిసి యాలోచింపుడు.